మాడిన గుడ్డలో దాగిన నిప్పు

(పాఠశాల ప్లాటినం జూబిలీ ఉత్సవాలలో భాగంగా ఏర్పాటైన విజ్ఞాన ప్రదర్శన ప్రారంభ సభలో చేసిన ప్రసంగ పాఠం)

 

శుభకార్యాన్ని దీపం వెలిగించి ఆరంభించడం తెలుగువారి సంప్రదాయం. నేటి సభ కూడా జ్యోతి ప్రజ్వలనతోనే మొదలైంది. అగ్గిపుల్ల గీయడానికి, వత్తి అంటుకోవడానికి పట్టిన కాలం రెండు మూడు క్షణాలకు మించదు. ఆ రెండు మూడు క్షణాల సౌకర్యం మానవజాతికి లభించి సుమారు రెండు వందల ఏండ్లే అయింది. అంతకు ముందు ప్రతి యిల్లాలూ, ప్రతి బాటసారీ, ప్రతి కమ్మరీ నిప్పు కోసం పడిన పాటు నేటి పిల్లల ఊహకు అందనిది.

విజ్ఞాన ప్రదర్శనలో ఒక మూల బల్లపై కొన్ని వస్తువులు ఉన్నాయి. తుప్పు పట్టిన ఒక ఉక్కు ముక్క, అంచు వాడిగా ఉన్న ఒక పలుగురాయి, మూతకు చిన్న చిల్లు పెట్టిన పాత పాలిష్ డబ్బా, అందులో కాటుకవలె నల్లగా మాడిన గుడ్డ పేలికలు, ప్రక్కన గుప్పెడు కొబ్బరి పీచు. పక్క బల్లలపై ఉపగ్రహాల నమూనాలు, రంగురంగుల దీపాలు వెలుగుతూ ఉండగా ఈ బల్ల వద్ద ఆగేవారు తక్కువ. "చెత్తబుట్టలో వేయవలసిన వాటిని ప్రదర్శనలో పెట్టారేమి?" అని సందేహించినవారూ ఉండవచ్చు. ఆ సందేహానికి సమాధానమే ఈ ప్రసంగం.

నిప్పును కాపాడుకొన్న కాలం

అగ్గిపెట్టె వాడుకలోకి రాకపూర్వం నిప్పును పుట్టించడం కంటె, ఉన్న నిప్పును ఆరిపోకుండా కాపాడుకోవడమే సులువు. రాత్రి వంట ముగిసిన పిమ్మట పొయ్యిలోని కణికలను ఒక ప్రక్కకు చేర్చి, పైన బూడిద కప్పి ఉంచేవారు. తెల్లవారి ఆ బూడిదను తొలగించి, ఎండుటాకు వేసి ఊదితే మంట లేచేది. నిప్పుపై పేరుకొనే ఆ పలుచని బూడిదకే నివురు అని పేరు. "నివురు గప్పిన నిప్పు" అన్న పలుకుబడి ఆ పొయ్యిలోనుండి పుట్టినదే. పొరపాటున నిప్పు ఆరిపోతే ఇల్లాలు పిడక ముక్క చేత పట్టుకొని ఇరుగింటికి వెళ్ళేది. ఆ ఇంటి కణిక ఒకటి ఆ పిడకపై ఎక్కి ఈ ఇంటి పొయ్యికి చేరేది. నిప్పు ఇచ్చి పుచ్చుకోవడం పొరుగువారి మధ్య ఒక నమ్మకం.

ఈ పద్ధతి తెలుగు పల్లెలకే పరిమితం కాదు. 1991 సెప్టెంబరులో ఆల్ప్స్ పర్వతాలలో, ఆస్ట్రియా, ఇటలీ సరిహద్దు ప్రాంతాన, మంచులో గడ్డకట్టిన ఒక మానవ కళేబరం బయల్పడింది. ఆ మనిషి సుమారు 5,300 ఏండ్ల క్రితం జీవించినవాడని పరీక్షలలో తేలింది. అతని వెంట బూర్జ చెట్టు బెరడుతో చేసిన ఒక పాత్ర, అందులో పచ్చని ఆకులు, బొగ్గు రేణువులు కనబడ్డాయి. రగిలే కణికలను ఆకులలో చుట్టి దారి పొడవునా మోసుకొని వెళ్ళేవాడని శాస్త్రజ్ఞుల నిర్ణయం. పిడకపై నిప్పు తెచ్చుకొన్న తెలుగు ఇల్లాలికీ, ఆకులలో నిప్పు మోసుకొన్న ఆ కొండదారి బాటసారికీ ఉపాయం ఒక్కటే. అతని సంచిలో చెట్ల మానులపై పెరిగే ఒక జాతి పుట్టగొడుగు పొడి కూడా ఉంది. దానికి ఇనుప గంధకపు ఖనిజమైన పైరైటు జాడలు అంటి ఉన్నాయి. అనగా మోసిన నిప్పు ఆరిపోతే రాయి కొట్టి కొత్త నిప్పు పుట్టించే ఏర్పాటును కూడా అతడు వెంట ఉంచుకొన్నాడు.

చెకుముకి

రాపిడితో నిప్పు పుట్టించడం భారతదేశంలో అతి ప్రాచీనం. యజ్ఞాలలో అగ్నిని అరణి మథనం ద్వారా సాధించడం వేదకాలపు ఆచారం. క్రింది చెక్కపై నిలిపిన కొయ్యను త్రాటితో కవ్వంవలె చిలికితే, రాపిడి వలన రాలిన వేడి పొడిలో నిప్పు పుడుతుంది. 1975లో కేరళలోని పాంజాళ్ గ్రామంలో జరిగిన అతిరాత్ర యాగాన్ని విదేశీ పండితులు చలనచిత్రంగా తీసి భద్రపరచారు. అయితే అరణి మథనానికి ఓర్పు, బలం, అభ్యాసం మూడూ కావాలి. నిత్య వ్యవహారానికి అంతకంటె సులభమైన సాధనం చెకుముకి.

చెకుముకి అన్న మాటకు దేశదేశాలలో బంధువులు ఉన్నారు. హిందీలో చక్‌మక్, తుర్కీ భాషలో చక్‌మాక్. హిమాలయ ప్రాంతాలవారు, టిబెట్టువారు నడుముకు వ్రేలాడదీసుకొన్న తోలు సంచుల అడుగున వంపు తిరిగిన ఉక్కు పట్టీ ఉండేది. సంచిలో రాయి, రవ్వ పట్టే మెత్తని పదార్థం పెట్టుకొనేవారు. తెలుగు పల్లెలలో పొలం కాపలాకు వెళ్ళే రైతు, బండి తోలేవాడు, చుట్ట కాల్చే తాతలు చిన్న ఉక్కు ముక్క, రాయి, కాస్త దూది మొలలో దోపుకొని తిరిగేవారు. నేటి పిల్లలలో చాలమందికి చెకుముకి అనగానే జన విజ్ఞాన వేదిక నడిపే బాలల విజ్ఞాన పత్రిక పేరు స్ఫురిస్తుంది. ఆ పేరు పెట్టినవారి ఉద్దేశం రవ్వ రగలాలన్నదే కావచ్చు గాని, ఆ వస్తువును కంటితో చూచిన పిల్లలు ఎందరు?

చెకుముకిలో మూడు అంగాలు. రవ్వను పుట్టించే రాయి, రవ్వగా మారే ఉక్కు, రవ్వను పట్టి నిలిపే పదార్థం. మొదటి రెండింటి మాట అందరికీ తెలుసు. మూడవది లేనిదే మొదటి రెండూ వ్యర్థం. రాత్రంతా రాయిని ఉక్కుతో కొట్టినా రవ్వలు చీకటిలో మెరిసి మాయమవుతాయే తప్ప నిప్పు నిలువదు. ఆ మూడవ అంగానికి శ్రేష్ఠమైనది మాడిన నూలు గుడ్డ. వంటింటిలో వేడి గిన్నెలు దింపే మసిగుడ్డకూ దీనికీ సంబంధం లేదు. ఇది గాలి తగలకుండా శ్రద్ధగా మాడ్చి తయారు చేసిన గుడ్డ.

గుడ్డను మాడ్చే విధానం

ముందుగా గుడ్డ సంగతి. అచ్చమైన నూలు గుడ్డ కావాలి. పాత పంచె, చిరిగిన దుప్పటి, వెలిసిన నూలు చీర ఇందుకు తగినవి. అవిసెనార గుడ్డ కూడా చక్కగా పనికివస్తుంది. టెరికాటన్, పాలియెస్టర్, నైలాన్ కలిసిన బట్టలు మాత్రం పనికిరావు. అవి మాడడానికి బదులు కరిగి ముద్దకట్టి గట్టిపడతాయి. సందేహం ఉంటే ఒక పోగును లాగి పట్టకారుతో నిప్పుకు చూపాలి. నూలు పోగు కాగితం కాలిన వాసనతో కాలి మెత్తని బూడిద అవుతుంది. కృత్రిమ పోగు కరిగి కొసన గట్టి పూస నిలుస్తుంది. ఈ చిన్న పరీక్షే ఒక రసాయన శాస్త్ర పాఠం.

గుడ్డను రెండు అంగుళాల చదరాలుగా కత్తిరించి, మూత గట్టిగా బిగిసే రేకు డబ్బాలో వదులుగా పరచాలి. కుక్కి పెడితే మధ్య పొరలకు వేడి అందదు. డబ్బాకు రంగు పూత ఉంటే ముందుగా ఖాళీ డబ్బాను నిప్పులపై కాల్చి ఆ పూతను పోగొట్టాలి. మూతకు సన్నని మేకుతో ఒకే ఒక చిల్లు పెట్టాలి. ఈ చిల్లు లేకుంటే లోపల పుట్టిన ఆవిరులు బయటపడే దారి లేక మూత ఎగిరిపడే ప్రమాదం ఉంది. చిల్లు పెద్దదైతే లోనికి గాలి చొరబడి గుడ్డ బూడిద అవుతుంది. పని అంతా ఈ చిల్లులోనే ఉన్నదని చెప్పవచ్చు.

డబ్బాను కుంపటిలోని నిప్పులపై ఉంచాలి. కొంతసేపటికి చిల్లు గుండా పొగ సన్నగా మొదలై, చిక్కనై, ధారగా వెలువడుతుంది. ఒక్కొక్కప్పుడు ఆ పొగకు నిప్పు అంటుకొని చిల్లు వద్ద చిన్న దీపంవలె వెలుగుతుంది. దానికి భయపడనక్కరలేదు, గుడ్డనుండి వెలువడిన మండే వాయువులే అక్కడ మండుతున్నాయి. డబ్బా పరిమాణాన్ని, నిప్పు వేడిని బట్టి అయిదు పది నిమిషాలలో పొగ పలచబడి పూర్తిగా నిలిచిపోతుంది. అదే పని పూర్తయిన గుర్తు. అప్పుడు పట్టకారుతో డబ్బాను దించి, చిల్లును ఒక పుల్లతో మూసి, పూర్తిగా చల్లారనివ్వాలి.

తొందరపాటు పనికిరానిది ఇక్కడే. వేడి మీద మూత తీస్తే గాలి తగిలిన మరుక్షణం గుడ్డ అంచులు ఎర్రగా రాజుకొని, చూస్తూండగానే బూడిద అవుతాయి. చేతితో ముట్టుకొంటే వెచ్చదనం తెలియనంతగా డబ్బా చల్లారిన తరువాతనే తెరవాలి. లోపలి గుడ్డ నిగనిగలు లేని నలుపుతో, మెత్తగా, నేత పోగులు స్పష్టంగా కనబడుతూ ఉంటే చక్కగా కుదిరినట్లు. గోధుమరంగు మిగిలి ఉంటే మరికొంతసేపు వేడి చేయాలి. ముట్టుకోగానే పొడిపొడిగా రాలిపోతే వేడి మించినట్లో, గాలి చొరబడినట్లో గ్రహించాలి. తయారైన గుడ్డను తడి తగలని డబ్బాలో భద్రపరచాలి. వానాకాలపు చెమ్మ పీల్చిన గుడ్డ రవ్వను పట్టదు.

డబ్బాలో జరిగినది ఏమిటి?

గుడ్డను పొయ్యిలో వేస్తే మంటతో కాలి బూడిద అవుతుంది. అదే గుడ్డ, అదే పొయ్యిలో, డబ్బాలో ఉన్నందువలన బొగ్గు అయింది. తేడా ప్రాణవాయువులో ఉంది. నూలుపోగు దాదాపుగా సెల్యులోజ్ అనే పదార్థమే. అందులో కర్బనం, ఉదజని, ఆమ్లజని కలిసి ఉంటాయి. గాలి అందకుండా సుమారు 300 నుండి 400 సెంటీగ్రేడు డిగ్రీల వేడికి గురి అయినప్పుడు సెల్యులోజ్ ముక్కలై నీటి ఆవిరిగా, బొగ్గుపులుసు వాయువుగా, కర్బన మోనాక్సైడుగా, తారు ఆవిరులుగా వెళ్ళిపోతుంది. మిగిలేది అధికంగా కర్బనమే. రాక్షసిబొగ్గును గాలి లేకుండా కాల్చి కోకు తీసే పద్ధతినే విజ్ఞాన శాస్త్ర పుస్తకాలు విధ్వంసక స్వేదనం అని పేర్కొంటాయి. ఉక్కు కర్మాగారంలో పెద్ద కొలిమిలో జరిగే పని ఈ పాలిష్ డబ్బాలో చిన్న ఎత్తున జరుగుతుంది.

ఈ బొగ్గుకు ఒక విశేషం ఉంది. సాధారణ బొగ్గు ముక్క గట్టిది. దాని ఒక బిందువుపై రవ్వ పడితే ఆ వేడి చుట్టూ పరుచుకొని చల్లారిపోతుంది. గుడ్డ బొగ్గులో ప్రతి పోగూ వెంట్రుకకంటె సన్నం. పోగు చుట్టూ గాలి. అంత సన్నని కొసను రాజేయడానికి ఆవగింజలో వెయ్యోవంతు రవ్వ చాలు. ఒక పోగు రాజుకొంటే అది పక్క పోగును రాజేస్తుంది. ఎర్రని వలయం మెల్లమెల్లగా వ్యాపిస్తుంది. అయితే మంట లేవదు. మంట అనగా మండుతున్న వాయువు. మండే వాయువులన్నీ డబ్బా చిల్లు గుండా ముందే వెళ్ళిపోయాయి గనుక ఇక మిగిలిన కర్బనం మంట లేకుండా కణకణలాడుతూ రగులుతుంది. కొవ్వొత్తికి మంట ఎందుకు ఉంటుంది, కట్టెబొగ్గుకు ఎందుకు ఉండదు అన్న ప్రశ్నకు ఇంతకంటె తేటైన సమాధానం ఏ పుస్తకంలోనూ దొరకదు.

రవ్వ సంగతి కూడా పలువురు పొరబడేదే. రాయినుండి నిప్పు వస్తుందని లోకంలో నమ్మకం. నిజానికి మండేది ఉక్కు. పలుగురాయి ఉక్కుకంటె గట్టిది గనుక దాని వాడి అంచు ఉక్కును గీరి అతి సూక్ష్మమైన ఇనుప రేణువులను రాల్చుతుంది. గీరిన వేడికి, గాలిలోని ప్రాణవాయువుతో కలయికకు ఆ రేణువులు తెల్లగా మండుతూ రాలుతాయి. ఇనుము ఇంత సులభంగా మండుతుందా అని ఆశ్చర్యపడవచ్చు. కడ్డీ మండదు, రేణువు మండుతుంది. దీనికి కర్బనం ఎక్కువగా ఉండి, కాల్చి నీట ముంచి గట్టిపరచిన ఉక్కు కావాలి. పాత ఆకురాయి ముక్క శ్రేష్ఠం. మెత్తని ఇనుప మేకుతో ఎంత కొట్టినా రవ్వలు రావు. ఉక్కు అన్న ఈ దక్షిణాది మాటే పాశ్చాత్య దేశాలలో ఊట్జ్ అయినదని, తెలంగాణలోని కోనసముద్రం వంటి ఊళ్ళు ఆ ఉక్కుకు ప్రసిద్ధి వహించాయని చరిత్రకారులు చెబుతారు.

పని చేసే పద్ధతి ఇది. రాయిని ఎడమచేత పట్టుకొని, మాడిన గుడ్డ ముక్కను దాని వాడి అంచుకు కొద్దిగా వెనుకగా ఉంచి బొటనవ్రేలితో అదిమిపట్టాలి. కుడిచేతి ఉక్కుతో అంచును పైనుండి క్రిందికి జారుగా గీరినట్లు కొట్టాలి. రవ్వ గుడ్డపై పడి ఎర్రని చుక్క నిలిచిన వెంటనే ఆ గుడ్డను కొబ్బరి పీచుతోనో, నలిపిన ఎండుగడ్డితోనో పిట్టగూడువలె చేసిన కుదురులో పెట్టి, అంచులు దగ్గరకు మడిచి, ముఖానికి ఎడంగా పట్టుకొని నిదానంగా ఊదాలి. గట్టిగా ఊదితే రవ్వ చల్లారుతుంది, ఊదకుంటే నిద్రపోతుంది. పొగ చిక్కనై, తెల్లనై, ఒక్కసారిగా మంట లేస్తుంది. మొదటిసారి ప్రయత్నించినవారికి అది పదిసార్లకో ఇరవైసార్లకో గాని దక్కదు. ఆ మంట లేచినప్పుడు పిల్లల ముఖంలో కనబడే వెలుగును చూచిన ఉపాధ్యాయులకు దాని విలువ తెలుస్తుంది.

ఐరోపా ఇండ్లలో

ఐరోపాలో పందొమ్మిదవ శతాబ్ది మొదటి పాదం వరకు ఇంటింటా వంటగదిలో ఒక గుండ్రని రేకు డబ్బా ఉండేది. ఆంగ్లేయులు దానిని టిండర్ బాక్స్ అనేవారు. అందులో చెకుముకి రాయి, ఉక్కు, మాడిన పేలికలు, వాటిపై కప్పి నిప్పును ఆర్పే లోపలి మూత ఉండేవి. డబ్బా పై మూతకు కొవ్వొత్తి నిలిపే గొట్టం ఉండేది. పేలికపై రవ్వ నిలిచాక గంధకం పూసిన సన్నని పుల్లను దానికి తాకించి మంట తీసేవారు. ఆ పుల్ల తనంత తాను గీస్తే వెలిగేది కాదు. చలికాలపు తెల్లవారుజామున, చీకటిలో, చేతులు కొంకర్లు పోతూండగా పనిమనిషి ఈ తతంగమంతా ముగించిన తరువాతనే ఇంటిలో పొయ్యి వెలిగేది. డెన్మార్కు రచయిత హాన్స్ క్రిస్టియన్ ఆండర్సన్ 1835లో ప్రకటించిన మొదటి బాలల కథల పుస్తకంలో మొదటి కథకు ఆ డబ్బా పేరే పెట్టాడు.

1826లో ఇంగ్లండులోని స్టాక్టన్ ఆన్ టీస్ పట్టణంలో జాన్ వాకర్ అనే మందుల వ్యాపారి గీస్తే వెలిగే పుల్లను కనుగొన్నాడు. 1827లో అమ్మకం మొదలుపెట్టాడు. దానిపై హక్కులు కూడా కోరలేదు. ఒక తరం గడిచేసరికి మాడిన గుడ్డ, రాయి, ఉక్కు అటక ఎక్కాయి.

అగ్గిపుల్లకు చెల్లించిన వెల

సౌకర్యం ఊరకనే రాలేదు. 1830 దశకం నుండి అగ్గిపుల్లల మందులో తెల్ల భాస్వరం చేరింది. ఆ ఆవిరులు పీల్చిన కార్మికులకు దవడ ఎముక కుళ్ళిపోయే ఘోరమైన వ్యాధి సోకేది. 1888లో లండనులోని బ్రయంట్ అండ్ మే అగ్గిపెట్టెల కర్మాగారంలో పనిచేసే స్త్రీలు, బాలికలు సమ్మె చేశారు. వారి దైన్యాన్ని పత్రికలో వ్రాసి లోకానికి తెలిపిన మహిళ అనీ బిసెంట్. అయిదేండ్ల తరువాత భారతదేశానికి వచ్చి, మద్రాసు అడయారులో నివసించి, 1915లో మదనపల్లెలో కళాశాల స్థాపించిన అనీ బిసెంటు ఆమెయే. తెల్ల భాస్వరాన్ని నిషేధిస్తూ 1906లో బెర్న్ నగరంలో పలు దేశాలు ఒప్పందం చేసుకొన్నాయి. స్వీడన్‌లో రూపొందిన సురక్షితమైన పుల్లలో ఎర్ర భాస్వరాన్ని పుల్లకు కాక పెట్టె ప్రక్కకు పూస్తారు. నేటికీ అదే పద్ధతి.

తమిళనాట ఈ కథకు దగ్గరి అధ్యాయం ఉంది. శివకాశికి చెందిన అయ్య నాడార్, షణ్ముగ నాడార్ 1922లో కలకత్తా వెళ్ళి అగ్గిపెట్టెల తయారీ నేర్చుకొని వచ్చి ఊరిలో ఆ పరిశ్రమను నెలకొల్పారు. వానలు సరిగా కురియని ఆ నల్లరేగడి సీమకు అది అన్నం పెట్టింది. శివకాశి, సాత్తూరు, కోవిల్‌పట్టి ప్రాంతాల పల్లెలలో శతాబ్దాలుగా స్థిరపడిన తెలుగు కుటుంబాలకు కూడా అన్నం పెట్టింది. అయితే ఆ అన్నంలో కొంత భాగం పిల్లల బాల్యం. తెల్లవారకముందే పల్లెలకు వచ్చిన బస్సులు నిద్ర కళ్ళ పిల్లలను ఎక్కించుకొని వెళ్ళేవి. బడిలో పలక పట్టవలసిన వ్రేళ్ళు చట్రాలలో పుల్లలు పేర్చాయి. 1986 చట్టం ఆ పనిలో బాలలను నియమించరాదని శాసించింది. 1996 డిసెంబరు 10న సుప్రీంకోర్టు, పిల్లలను పనిలో పెట్టుకొన్న యజమాని ఒక్కొక్క బిడ్డకు ఇరవైవేల రూపాయలు సంక్షేమ నిధికి చెల్లించాలని తీర్పు చెప్పింది. 2009లో విద్యాహక్కు చట్టం, 2016లో పధ్నాలుగేండ్లలోపు పిల్లల పనిని నిషేధించిన సవరణ వచ్చాయి.

రూపాయికి దొరికిన అగ్గిపెట్టె 2021 డిసెంబరు నుండి రెండు రూపాయలైనప్పుడు పలువురు నొచ్చుకొన్నారు. ఒకప్పుడు ఆ పెట్టె అంత చౌకగా ఎందుకు దొరికిందో తెలిసినవారు నొచ్చుకోరు. ఏ బిడ్డ బడి మానినా ఆ వెలను ఎక్కడో ఎవరో తక్కువ ధరగా అనుభవిస్తున్నారని ప్రతి తల్లీ తండ్రీ గుర్తుంచుకోవాలి. తోటి పిల్లవాడు వారం రోజులు బడికి రాకపోతే ఎందుకు రాలేదని విచారించడం ఉపాధ్యాయునికెంత ధర్మమో, పక్క బెంచీలో కూర్చునే బిడ్డకూ అంతే ధర్మం.

నిప్పుతో జాగ్రత్త

పిల్లలకు నిప్పు పుట్టించడం నేర్పవచ్చునా అన్న ప్రశ్న తల్లిదండ్రులు అడిగి తీరవలసినదే. 2004 జూలై 16న కుంభకోణంలోని ఒక పాఠశాలలో మధ్యాహ్న భోజనం వండే వంటశాలనుండి లేచిన నిప్పు పైనున్న ఆకుల కప్పుకు పాకి 94 మంది చిన్నారులను బలిగొన్నది. ఆ దినాన్ని మరచిన ఉపాధ్యాయులు తమిళనాట ఎవరూ ఉండరు. అంత చిన్న నిప్పునుండి అంత ఘోరం ఎట్లు సంభవించిందో తెలియాలంటే నిప్పు స్వభావం తెలియాలి. నిప్పును తెలియనివ్వకుండా పెంచిన బిడ్డకు దాని భయమూ తెలియదు, భద్రతా తెలియదు.

అందువలన కొన్ని నియమాలు తప్పనిసరి. ఈ ప్రయోగం పెద్దల సమక్షంలో, ఆరుబయట, ఆకుల కప్పులకూ ఎండుగడ్డికీ దూరంగా మాత్రమే చేయాలి. ప్రక్కన బకెట్టుతో నీరు, ఇసుక ఉండాలి. నూలు దుస్తులు ధరించాలి. చున్నీ, పైటకొంగు, జడ గట్టిగా ముడివేసుకోవాలి. చిల్లునుండి వచ్చే పొగలో విషవాయువు ఉంటుంది గనుక గాలివాలుకు ఎదురుగా నిలబడరాదు. గది తలుపులు మూసి ఈ పని ఎన్నడూ చేయరాదు. అన్నిటికంటె ముఖ్యమైనది చివరిది: మంట లేదు గనుక నిప్పు లేదు అనుకోరాదు. మాడిన గుడ్డపై రగిలే రవ్వ పగటి వెలుతురులో కంటికి కనబడదు. ఆరిపోయిందని తలచి జేబులో వేసుకొన్న ముక్క, చెత్తకుండీలో పారవేసిన పుల్ల గంట తరువాత రాజుకోవచ్చు. నీటిలో ముంచి, చేతితో నలిపి చూచిన తరువాతనే నిప్పు ఆరిందని నమ్మాలి. నివురు గప్పిన నిప్పు అన్న మాటను సామెతగా కంఠస్థం చేసిన బిడ్డకు, ఆ నిప్పును కంటితో చూచిన బిడ్డకు మధ్య ఉన్న వ్యత్యాసం ఇదే.

పాఠం ఎక్కడినుండి మొదలుకావాలి?

1860-61 క్రిస్మస్ సెలవులలో లండన్ రాయల్ ఇన్‌స్టిట్యూషన్‌లో మైకేల్ ఫారడే బాలబాలికల కోసం ఆరు ఉపన్యాసాలు ఇచ్చాడు. విషయం ఒక కొవ్వొత్తి. అంతటి శాస్త్రజ్ఞుడు తన కాలపు గొప్ప యంత్రాలను వదలి ప్రతి ఇంటిలో వెలిగే కొవ్వొత్తిని ఎన్నుకొన్నాడు. దాని మంటనుండి గాలి, నీరు, కర్బనం, మానవ శ్వాస వరకు పిల్లలను నడిపించాడు. దహనమంటే ఏమిటి అని అడిగితే రెండు పంక్తుల నిర్వచనం గడగడ అప్పగించే పిల్లలు ప్రతి తరగతిలోనూ ఉన్నారు. గాలి లేని డబ్బాలో గుడ్డ ఎందుకు బూడిద కాలేదని అడిగితే ఆలోచించే పిల్లలు కావాలి. దానికి ఖరీదైన ప్రయోగశాల అక్కరలేదు. పాలిష్ డబ్బా, పాత పంచె ముక్క, కుంపటి చాలు.

మాటల సంగతి కూడా ఉన్నది. ఈ పాఠశాలలో చదివే పిల్లలు ఇంటిలో తెలుగు, వీధిలో తమిళం, పోటీ పరీక్షలకు ఆంగ్లం వాడుకొంటారు. మూడు భాషలు నేర్చిన బిడ్డ భాగ్యవంతుడే. అయితే పొయ్యి పోయినప్పుడు పొయ్యితో పాటు కణిక, నివురు, కుంపటి, పిడక, రాజేయడం, ఊదుగొట్టం అన్న మాటలు కూడా ఇల్లు విడిచిపోతున్నాయి. వస్తువును చూపి చెప్పిన మాట నిలుస్తుంది. పట్టికలో వ్రాసి ఇచ్చిన మాట పరీక్ష మరునాడే మాయమవుతుంది. ప్రదర్శన చూచి ఇంటికి వెళ్ళిన పిల్లలు ఈ రాత్రి అమ్మమ్మనో, నాయనమ్మనో "మీ చిన్నతనంలో నిప్పు ఎట్లా ఉంచుకొనేవారు?" అని అడిగితే, ఆ పెద్దావిడ చెప్పే సమాధానం వినే ఓపిక తల్లిదండ్రులు కల్పిస్తే, ఈ బల్లకు కలిగిన ప్రయోజనం చాలు.

డెబ్బయి అయిదేండ్లుగా ఈ ప్రాంగణంలో ఉపాధ్యాయులు చేసిన పని ఆ డబ్బాలో జరిగే పనికి భిన్నమైనది కాదు. మాడిన గుడ్డ రవ్వను పుట్టించదు. రవ్వ ఎక్కడినుండి వస్తుందో, ఏ పుస్తకంనుండో, ఏ ప్రశ్ననుండో, ఎవరికీ ముందుగా తెలియదు. అది వచ్చి పడిన క్షణాన జారిపోనివ్వకుండా పట్టి నిలుపుకొనే యోగ్యత పిల్లలలో కలిగించడమే బడి చేయగలిగినది. ఆ తరువాత కుదురులో పెట్టి, గట్టిగా కాకుండా, మానివేయకుండా, నిదానంగా ఊదవలసినవారు ఇంటివారు. ఇక్కడ చదివి వెళ్ళిన పూర్వ విద్యార్థులలో ఎందరో తమ పొయ్యిలోని కణికను పొరుగువారికి పంచినవారే. నేడు ఈ పాఠశాల తెలుగు తరగతులకు పిల్లల సంఖ్య తగ్గుతున్నదన్న బెంగ సభలో ప్రతి ఒక్కరి మనసులోనూ ఉన్నది. తెల్లవారి బూడిద తొలగించి చూచే చేయి ఉన్నంతవరకు కణిక ఉంటుంది. ఇరుగింటికి పిడక పట్టుకొని వెళ్ళడానికి సిగ్గుపడనంతవరకు పొయ్యి వెలుగుతుంది. పూర్వ విద్యార్థులు తమ పిల్లలను, తమ ఇరుగుపొరుగు పిల్లలను ఒక్కసారి ఈ ప్రాంగణానికి తీసుకొని రావలసినదిగా కోరడమైనది.

ప్రదర్శనలోని ఆ మూల బల్ల సాయంత్రం ఆరు గంటల వరకు ఉంటుంది. గుడ్డ ముక్కలు కావలసినన్ని ఉన్నాయి. ఓపిక తెచ్చుకొని రావలసినదిగా విజ్ఞప్తి.

స్వస్తి.